తేదీ దాటిన బేకింగ్ పౌడరు, ఈస్టు వాడవచ్చా?

ప్రశ్న: క్రిస్మస్ కేకుల కోసం నిరుడు డిసెంబరులో కొన్న సరుకుల్లో సగం అలమరలోనే ఉండిపోయాయి. మూత తీసిన బేకింగ్ పౌడరు డబ్బా, ఇంకా విప్పని ఈస్టు ప్యాకెట్టు, కోకో పొడి, పాలపొడి, కిస్‌మిస్, బాదంపప్పు ఉన్నాయి. అన్నింటి మీదా ‘బెస్ట్ బిఫోర్’ తేదీ దాటి రెండు నుంచి ఐదు నెలలు అయింది. కోడలు పారేయమంటోంది, నాకు మనసొప్పడం లేదు. వచ్చే నెల మనవరాలి పుట్టినరోజుకు వీటితో కేకు చేయవచ్చా?
— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, ఈ సరుకులన్నింటినీ ఒకే గాటన కట్టకూడదు. ప్యాకెట్టు మీద ‘ఎక్స్‌పైరీ’ అని గాని, ‘యూజ్ బై’ అని గాని ఉంటే ఆ తేదీ తరువాత దానిని తినకూడదు. ‘బెస్ట్ బిఫోర్’ అంటే ఆ తేదీ వరకు రుచి, వాసన, పనితనం తగ్గవని తయారుచేసినవారు ఇచ్చే మాట. అయితే ఆ మాట విప్పని ప్యాకెట్టును చల్లని, పొడి చోట ఉంచినప్పుడే చెల్లుతుంది. మే నెలలో 45 డిగ్రీల దాకా వెళ్లే ఎండకు కాగి, వానాకాలంలో డబ్బాలోని ఉప్పు కూడా చెమ్మగిల్లే మన వంటిళ్లలో, మూత తీసిన సరుకు తేదీ రాకముందే పాడైనా ఆశ్చర్యం లేదు. అందుకే తేదీ కంటే మూత తీసిన రోజును నేను ఎక్కువగా లెక్కలోకి తీసుకుంటాను.

ముందుగా అనుమానించవలసింది బేకింగ్ పౌడరునే. అందులో వంట సోడా, పొడి రూపంలో ఉండే ఒక ఆమ్లం, ఆ రెండింటినీ విడిగా ఉంచడానికి కొంత పిండి కలిసి ఉంటాయి. తడి తగలగానే సోడా, ఆమ్లం కలిసి కార్బన్ డయాక్సైడును విడుదల చేస్తాయి. కేకును పొంగించేది ఆ వాయువే. తడి చెంచా పెట్టినా, మూత వదులుగా ఉన్నా, గాలిలోని చెమ్మతో ఆ పని డబ్బాలోనే కొద్దికొద్దిగా జరిగిపోయి, కేకులో వేసేనాటికి శక్తి మిగలదు. పావు కప్పు వేడినీళ్లలో అర టీస్పూను పొడి వేసి చూడండి. వెంటనే బుసబుసమని నురగ లేస్తే నిశ్చింతగా వాడండి. నాలుగు బుడగలు వచ్చి ఆగిపోతే పారేయండి. చచ్చిన పౌడరు వల్ల ఒంటికి ప్రమాదం లేదు గాని, గుడ్లు, వెన్న, చక్కెర అన్నీ వేసిన పిండి అట్టులా మిగిలిపోతుంది. పొడి శక్తి తగ్గిందని రెండింతలు వేయడం కూడా తప్పే, కేకు చేదెక్కుతుంది. అప్పటికప్పుడు కొత్త డబ్బా దొరకకపోతే, ఒక టీస్పూను బేకింగ్ పౌడరుకు బదులు పావు టీస్పూను వంట సోడా, అర కప్పు పుల్లని పెరుగు వేసి, పాలో నీళ్లో అంత మేరకు తగ్గించండి. వంట సోడా బాగుందో లేదో తెలియడానికి దాని మీద కాస్త నిమ్మరసం పిండితే చాలు.

ఈస్టు ప్రాణమున్న సరుకు, కాబట్టి దానిని బతికి ఉందా అనే అడగాలి. అర కప్పు గోరువెచ్చని నీళ్లలో ఒక టీస్పూను చక్కెర, రెండు టీస్పూన్ల ఈస్టు కలిపి 10 నిమిషాలు కదపకుండా ఉంచండి. నీళ్లు సుమారు 40 డిగ్రీల వేడి ఉంటే సరిపోతుంది. చెయ్యి పెట్టలేనంత వేడిగా, అంటే 60 డిగ్రీలకు చేరితే, మంచి ఈస్టు కూడా చచ్చిపోతుంది. పైకి దట్టంగా నురగ కడితే ఆ నీళ్లతోనే పిండి కలుపుకోవచ్చు. విప్పాక మిగిలినది గాలి చొరని సీసాలో ఫ్రిజ్‌లో పెట్టి, నాలుగు నెలల్లోపు వాడేయండి.

కోకో పొడికి దిగులు లేదు. వాసన తగ్గితే రుచి తగ్గుతుంది, అంతే.

పాలపొడి, బాదం విషయంలో మాత్రం మీ కోడలి మాటకే నా ఓటు. వీటిలోని కొవ్వు గాలికీ వేడికీ పాడై పాత నూనె వాసన వస్తుంది. ఒక పలుకు నమిలి చూడండి, చేదుగా గాని, గొంతులో గీరినట్టు గాని ఉంటే అన్నీ పారేయండి. బూజు కనిపించినా అంతే: కొన్ని రకాల బూజు వదిలే విషం ఓవెన్ వేడికి పోదు గనుక, బూజు పట్టిన నాలుగు పలుకులు ఏరి మిగతావి వాడటం పిల్లల కోసం చేసే కేకులో అసలే తగదు. కిస్‌మిస్ మీద తెల్లగా కనిపించేదంతా బూజు కాదు. గోరువెచ్చని నీళ్లలో వేస్తే కరిగిపోయేది పైకి తేలిన చక్కెర, నూగులా అంటుకొని ఉండేది బూజు.

ప్రశ్న: మైదాలో పురుగులు కనిపిస్తే జల్లించి వాడవచ్చా? రవ్వలా వేయించి దాచుకోవచ్చా?
— ఒక పాఠకుడు, గవర్నరుపేట, విజయవాడ

జవాబు: జల్లెడ పురుగులను ఆపుతుంది గాని, వాటి గుడ్లను పూర్తిగా ఆపలేదు. పిండిపురుగులు కొన్ని వదిలే ద్రవం వల్ల పిండికి ఘాటైన వాసన, రంగు తేడా వస్తాయి. ఆ స్థితికి వచ్చిన మైదాను వాడకండి. రవ్వను వేయించి ఉంచడం మంచి అలవాటే, కాని వేయించిన మైదాలో జిగురు దెబ్బతిని బ్రెడ్డుకు పనికిరాదు. కొత్త ప్యాకెట్టు తేగానే బిగుతుగా చుట్టి నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెడితే గుడ్లు చస్తాయి. బయటికి తీశాక, చలువ పూర్తిగా పోయి పైన పట్టిన చెమ్మ ఆరేదాకా విప్పకుండా ఉంచి, ఆ తరువాతే పొడి డబ్బాలో పోసుకోండి.