వస్తువు గొప్పదైతే నవల గొప్పదైపోదే చిట్టీ

చిట్టీ,

ఈమధ్య చదివిన మూడు నవలల మీద నువ్వు పంపిన అభిప్రాయాలు చూశాను. మూడింటికీ "గుండెను పిండేసింది" అనే రాశావు. మూడూ ఒకేలా పిండవు కదే. ఏది ఎక్కడ పిండిందో చెప్పకపోతే నీ మాట నమ్మి ఎవరైనా పుస్తకం ఎందుకు కొంటారు, అసలే ఈ రోజుల్లో ఓ మోస్తరు నవలకి మూడు నాలుగు వందలు అవుతోంది. ఎలా రాయాలత్తా అని నువ్వే అడిగావు కాబట్టి చెప్తున్నాను, కోపం తెచ్చుకోకు.

పుస్తకం మూసిన రాత్రే రాయకు. ఓ వారం పోనీ. ఆఫీసుకి వెళ్లు, వంట చేసుకో, ఇంకో పుస్తకం మొదలెట్టు. అప్పటికీ ఏ మనిషి గుర్తొస్తోందో, ఎవరన్న ఏ మాట చెవిలో తిరుగుతోందో చూసుకో, రాయాల్సింది దాని గురించే. చదివేటప్పుడు పెన్సిల్‌తో పేజీ నంబరూ పక్కన రెండు ముక్కలూ వెనక అట్ట లోపల రాసుకుంటే చాలు. లైబ్రరీ పుస్తకమైతే మాత్రం విడి కాగితం మీద, దాని మీద గీతలు గీసేవాళ్లంటే నాకు ఒళ్లుమంట.

ఇక అసలు సంగతి. నువ్వు మెచ్చుకుంటున్నది చాలాసార్లు నవలని కాదు, అది ఎత్తుకున్న విషయాన్ని. మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి ఈ జబ్బు ఇంకాస్త ఎక్కువ. ఉద్దానం కిడ్నీ రోగుల మీదో, 2018లో తిత్లీ తుపానుకి పడిపోయిన కొబ్బరి, జీడితోటల మీదో, గుజరాత్ దాకా వేటకెళ్లే మన మత్స్యకారుల మీదో ఎవరైనా నవల రాశారనగానే మొదటి పేజీ తిప్పకముందే మన కళ్లు చెమరుస్తాయి. ఎందుకంటే అక్కడ మన చుట్టాలున్నారు, ఆ తోటల్లో మనం తిరిగాం. ఆ కన్నీళ్లు మనం ఇంటినుంచి పట్టుకెళ్లినవి, వాటిని రచయిత ఖాతాలో వెయ్యకూడదు. డయాలసిస్‌కి వెళ్లే మనిషి బస్సులో కిటికీ పక్క సీటు కోసం ఎవరితో గొడవపడ్డాడు, పెళ్లాం దగ్గర ఏం దాచాడు, ఆరోగ్యంగా ఉన్న తమ్ముణ్ని చూస్తే లోపల ఏమనిపించింది, ఇవి ఉంటే నవల. ఇవి లేకుండా జబ్బు గురించి, నీళ్ల గురించి, ప్రభుత్వం గురించి చెప్పుకుంటూ పోతే దానికి పేపరు చాలు. "సమాజానికి అవసరమైన నవల" అని రాశావు చూడు, వీధి కుళాయి కూడా సమాజానికి అవసరమే. నవలగా ఎలా ఉందో చెప్పు.

వివేక్ శానభాగ కన్నడంలో రాసిన ఘాచర్ ఘోచర్ నీకిచ్చాను కదా, "చిన్న పుస్తకం, బాగుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. కింది మధ్యతరగతి ఇల్లు, చిన్నాన్న మసాలా వ్యాపారం పెట్టాక ఉన్నట్టుండి డబ్బున్న ఇల్లైపోతుంది. డబ్బు మనుషుల్ని ఎలా ఆడిస్తుందో అందులో ఒకచోట మాటల్లోనే చెప్తాడు, కానీ నాకు గుర్తుండిపోయింది ఆ మాట కాదు. ఒకావిడ మసూరు పప్పు కూర డబ్బాలో పెట్టుకుని చిన్నాన్నని వెతుక్కుంటూ గేటు దగ్గరికి వస్తుంది. ఇంట్లో ఆడవాళ్లు ఆవిణ్ని నానా మాటలూ అని తరిమేస్తారు. కథ చెప్పే అబ్బాయి అక్కడే ఉంటాడు. ఆ నాలుగు పేజీలు చదివాక ఆ ఇంటి గురించి ఇంకెవరూ నాకు చెప్పక్కర్లేదు. నువ్వు ఆ గేటు దగ్గర ఆగావా, దాటేశావా? ఆగుంటే అది రాయి, అదొక్కటి రాసినా చాలు.

దీనికి పూర్తిగా వేరే దారి బండి నారాయణస్వామి శప్తభూమిది. పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం సీమ, పెద్ద కాన్వాసు. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మనకి ఆ సీమ మాట మొదట్లో కొంచెం గట్టిగా తగులుతుంది, అయినా నెమ్మదిగా చదువు, కాసేపటికి చెవి అలవాటు పడుతుంది. అక్కడి మనుషులు మాట్లాడుకునే చోట్ల నాకు చాలా ఇష్టం. రచయిత సేకరించిన చరిత్ర ఎక్కువై కథ కాస్త నడక తగ్గించినట్టు అనిపించిన చోట్లూ ఉన్నాయి. ఈ రెండు మాటలూ ఒకే అభిప్రాయంలో ఉండొచ్చు, ఉండాలి. అవార్డు వచ్చింది కదా అని నోరు మూసుకోనూ అక్కర్లేదు, అవార్డు పుస్తకం కాబట్టి తిట్టి తెలివి చూపించుకోనూ అక్కర్లేదు (మన కుర్రాళ్లలో ఈ రెండో రకం ఈమధ్య బాగా పెరిగారు).

యాస గురించి కూడా చెప్పాలి. మన యాసలో రాశారని మురిసిపోయి మార్కులు వేసెయ్యకు. కరణంగారూ, కంబారీ, కాలేజీకెళ్లే పిల్లా అందరూ ఒకేలా "ఏటి, ఎందుకొచ్చినావు" అంటుంటే అది యాస కాదు, అలంకారం. మన ఊళ్లో ఎవరు ఎవరితో ఎలా మాట్లాడతారో నీకు తెలుసు కదా, పట్టుకోగలవు.

అనువాదాలు చదివితే అనువాదకుల పేరు తప్పకుండా రాయి. గీతాంజలి శ్రీ హిందీ నవల రేత్ సమాధికి 2022లో అంతర్జాతీయ బుకర్ వచ్చినప్పుడు ఇంగ్లీషు చేసిన డైసీ రాక్‌వెల్‌కి కూడా ఆ బహుమతిలో వాటా ఉంది. ఆ నవల సగంలో వదిలేశానన్నావు. ఎనభై ఏళ్ల ముసలావిడ మొగుడు పోయాక గోడవైపు తిరిగి పడుకుని లేవనంటుంది, ఇంట్లో వాళ్లు ఎంత పిలిచినా సరే. ఆ పడకే నీకు విసుగొచ్చింది, నాకూ వచ్చింది, కానీ ఆవిడ లేచాక పాకిస్తాన్ దాకా వెళ్లేది అంత పడక ఉంది కాబట్టే నమ్మగలిగాను. వదిలెయ్యడం తప్పేం కాదు, ఏ పేజీలో ఎందుకు వదిలావో నిజాయితీగా రాస్తే అదీ అభిప్రాయమే. చదవకుండా చదివినట్టు మాట్లాడటమే పాపం. పుస్తకావిష్కరణ సభలకి వెళ్తావుగా, వేదిక మీద పెద్దమనిషి ఆ పూటే చేతికొచ్చిన నవల అట్ట చూసుకుంటూ అరగంట మాట్లాడతాడు. ఆ బాపతు కావద్దు.

రచయిత తెలిసినవాడైతే మొహమాటం వస్తుంది. మన ఊళ్లో అందరూ అందరికీ తెలిసినవాళ్లే. 1997లో కారా మాస్టారు (కథకుడు కాళీపట్నం రామారావు గారు) తెలుగు కథల కోసం కథానిలయం అనే గ్రంథాలయం పెట్టిన శ్రీకాకుళం కాబట్టి ఇక్కడ కథ గురించి మొహం మీదే మాట్లాడే అలవాటు కొంత ఉంది, నవల దగ్గరికి వచ్చేసరికే ఎందుకో శాలువాలతో సరిపెట్టేస్తారు. నువ్వు మాత్రం ఎదురుగా అనగలిగిన మాటే రాయి, రాసిన మాట ఎదురుగా కూడా అను.

కొత్తవి మూడు నాలుగు చదివాక పాతదొకటి చదువు. రావిశాస్త్రి అల్పజీవి తియ్యి, సన్నటి పుస్తకం. సుబ్బయ్య అనే పిరికి గుమాస్తా బుర్రలో ఏం తిరుగుతోందో తప్ప పెద్ద విషయమేం ఉండదు. ఆ తర్వాత నువ్వు మెచ్చిన ఆ మూడు నవలల్లో మనుషుల్ని సుబ్బయ్య పక్కన నిలబెట్టి చూడు, ఎవరు నిలబడతారో నాకు రాసి పంపు. ఇద్దరైనా నిలబడతారని నా అంచనా. మూడోదాని మీద మనిద్దరికీ గొడవ తప్పదు.

మీ అత్త