కొన్న కుక్కపిల్లకు పిల్లలు పుట్టించే హక్కు మనదేనా?

పూర్తి ధర చెల్లించి కుక్కపిల్లను కొన్నంత మాత్రాన దాని సంతానంపై హక్కు కూడా వచ్చినట్టేనా అన్న ప్రశ్నకు జవాబు మీరు సంతకం చేసే ఒప్పందంలోనే ఉంటుంది. ఇంట్లో పెంచుకోవడానికి మాత్రమే అమ్మేటప్పుడు చాలామంది బ్రీడర్లు పరిమిత రిజిస్ట్రేషన్ ఇస్తారు. జాతి కుక్కలను నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ విధానంలో అలాంటి కుక్క తాను నమోదై ఉన్నా, దాని పిల్లలను నమోదు చేయరు. దీన్ని అమ్మేవారి పెత్తనంగా నేను చూడను. లాబ్రడార్ వంటి జాతుల్లో వంశపారంపర్యంగా వచ్చే తుంటి కీలు లోపం ఉందో లేదో ఎనిమిది వారాల పిల్లను చూసి చెప్పలేం కాబట్టి, ఎదిగాక ఎక్స్‌రే ఫలితం బాగుంటే పరిమితిని ఎత్తివేస్తామని రాయించుకోవడం న్యాయమైన మార్గం.

నిజంగా జాగ్రత్తపడవలసింది ఉమ్మడి యాజమాన్యం, అంటే కొన్నవారితో పాటు బ్రీడర్ కూడా కుక్కకు యజమానిగా కొనసాగే ఏర్పాటు, విషయంలో. "మొదటి ఈతలో రెండు పిల్లలు బ్రీడర్‌కు ఇవ్వాలి" అన్న ఒక్క వాక్యానికి ఒప్పుకుంటే, దాదాపు 63 రోజుల గర్భకాలపు సంరక్షణ, అవసరమైతే సిజేరియన్ ఖర్చు ఎవరు భరించాలి, ఒక్క పిల్లే పుడితే అది ఎవరిది, అసలు తల్లి ఆరోగ్యం సహకరించకపోతే ఆ షరతు రద్దవుతుందా అన్నవన్నీ తేలకుండా మిగిలిపోతాయి. వీటికి నోటిమాట చాలదు. డబ్బు ఇవ్వకముందే కాగితంపై ఉండాలి.