మీ నాన్నగారు తప్పు మాట అనలేదు

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. నా భార్య అమెరికాలోనే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. నాన్న నెల్లూరు జిల్లా బిట్రగుంట రైల్వే లోకోషెడ్‌లో ఫైర్‌మన్‌గా చేరి డ్రైవర్‌గా రిటైరయ్యారు. అమ్మ పోయాక ఇక్కడికి తీసుకొచ్చాను. మొన్న నా భార్య స్నేహితులు భోజనానికి వచ్చారు. తెల్లవారుజామున తనకి ఫ్లైట్ ఉందని నా భార్య అంటుంటే, నాన్న ఇంగ్లీషులో "కంగారు పడకమ్మా, నాలుగింటికి నేను నిన్ను నాక్ అప్ చేస్తా" అన్నారు. వచ్చినవాళ్లలో ఇద్దరు పగలబడి నవ్వారు. నా భార్య ముఖం ఎర్రబడింది. నేను "తెలియని ఇంగ్లీషు ఎందుకు నాన్నా, నోరు మూసుకోండి" అనేశాను. అప్పట్నుంచి ఆయన గది దాటి రావడం లేదు, టికెట్ ముందుకు జరపమంటున్నారు. నా భార్య కూడా ముభావంగా ఉంది. ఏం చెయ్యాలి?

జవాబు: ముందు ఒక్క విషయం. ఆయన తెలియని ఇంగ్లీషు మాట్లాడలేదు. తనకి బాగా తెలిసిన ఇంగ్లీషే మాట్లాడారు. దాని అర్థం అమెరికాలో వేరు, అంతే.

తలుపు తట్టి నిద్రలేపడాన్ని నాక్ అప్ చెయ్యడం అనే వాడుక ఇంగ్లండ్‌లో 1660ల నుంచే ఉంది. మిల్లులు, ఫ్యాక్టరీలు వచ్చాక అది ఒక వృత్తికే పేరైంది. అలారం గడియారం కొనుక్కునే స్తోమత లేని కూలీలు, షిఫ్టుకి ఆలస్యమైతే జీతం కోతపడే వాళ్లు, వారానికి కొన్ని పెన్నీలు ఇచ్చి తమను లేపడానికి మనిషిని పెట్టుకునేవారు. ఆ మనిషే నాకర్-అప్. మాంచెస్టర్ లాంటి మిల్లు ఊళ్లలో తెల్లవారకముందే పొడవాటి వెదురు కర్రతో మేడమీది కిటికీలు తట్టుకుంటూ వెళ్లేవారు. 1930లలో లండన్ ఈస్ట్ ఎండ్‌లో మేరీ స్మిత్ అనే ఆవిడ ఎండు బఠాణీలను గొట్టంలోంచి ఊది కిటికీ అద్దాలకి కొట్టేది. అక్కడి రైల్వే షెడ్లలోనూ డ్రైవర్లను లేపడానికి ఇలాంటి మనుషులు ఉండేవాళ్లు.

మన రైల్వేలో ఆ పని కాల్ బాయ్‌ది. అర్ధరాత్రి క్వార్టర్స్‌కి వచ్చి, తలుపు కొట్టి, కాల్ బుక్‌లో డ్రైవర్ చేత సంతకం పెట్టించుకుని వెళ్లేవాడు. బిట్రగుంటలో బ్రిటిష్ వాడుకల ఇంగ్లీషు మాట్లాడే ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి. ఈ మాట మీ నాన్నగారి నోట పట్టుబడింది అక్కడే అయ్యుండాలి. ఆయన లెక్కలో అది డ్యూటీ మాట. టైముకి లేవకపోతే బండి కదలదు. కోడలికి ఫ్లైట్ తప్పకూడదని, నిద్ర మానుకుని లేపే పూచీ తన మీద వేసుకున్నారు.

మరి మీ భార్యది తప్పా? కాదు. అమెరికాలో ఆ మాటకి ఆడమనిషిని గర్భవతిని చెయ్యడం అనే అర్థం 1813 నాటికే ఉంది. అదీ మర్యాదైన మాట కాదు. నిద్రలేపే అర్థం అక్కడ దాదాపు వినపడదు. మామగారి నోటి వెంట, స్నేహితుల ముందు అది వింటే ఏ ఆడపిల్లైనా సిగ్గుతో చచ్చిపోతుంది. ఆమెని సర్దుకుపొమ్మనకండి. ఈ కథంతా చెప్పండి. చెప్పేటప్పుడు కాల్ బాయ్ అనే మాట మాత్రం వాడకండి, దానికీ ఇప్పుడు వేరే పాడు అర్థం ఉంది. డ్యూటీకి లేపే మనిషి అనండి చాలు.

నాన్నగారికి మాత్రం ఇప్పటిదాకా ఎవరూ ఏమీ చెప్పినట్టు లేదు. తను ఏం అన్నారో, ఎందుకు నవ్వారో తెలియకుండా ఆ గదిలో కూర్చుని ఉన్నారు. ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. భార్య పోయి, భాష కలిసే మనుషులు లేని ఊళ్లో, కొడుకు చేతే నోరు మూయించుకున్న మనిషి ఆయన. చాలామంది కొడుకులు ఇలాంటివి తండ్రికి చెప్పడానికి మొహమాటపడి, రెండు రోజులైతే ఆయనే మరిచిపోతాడులే అనుకుంటారు. మరిచిపోరు. రేపట్నుంచి ఇంగ్లీషే కాదు, తెలుగులో కూడా మాట్లాడ్డం తగ్గిస్తారు.

మీ భార్య ఇంట్లో లేని సమయం చూసి ఆయన దగ్గర కూర్చోండి. మొదట "అందరి ముందు అలా అనకూడదు నాన్నా, తప్పు నాది" అనండి. "కానీ" అంటూ దానికి తోక తగిలించకండి. తర్వాత అర్థం ఉన్నదున్నట్టు చెప్పండి. జీవితమంతా షెడ్లో పనిచేసిన మనిషికి ఆ మాత్రం చెబితే తట్టుకోలేరా? కాసేపు తల పట్టుకుంటారు, కోడలి ముఖం ఎలా చూడాలి అంటారు. అప్పుడు, ఆమెకి అంతా చెప్పాననీ, ఆమె అర్థం చేసుకుందనీ మీరు నిజంగా చెప్పగలగాలి. అందుకే ముందు భార్యతో మాట్లాడమంటున్నాను. ఆమె తనంతట తను వెళ్లి "మావయ్యా, టీ తాగుదాం రండి" అంటే సరిపోతుంది. క్షమాపణల సభ పెట్టకండి.

ఆ రోజు నవ్విన ఇద్దరికీ కూడా మీ భార్య చేత ఒక్క ముక్క చెప్పించండి. లేకపోతే వచ్చే పార్టీలో ఇది జోకు అవుతుంది. పదిమందిలో ఈ కథ మీరూ చెప్పకండి, ముచ్చటగా అనిపించినా సరే.

టికెట్ సంగతి వారం ఆగి అడగండి. అప్పటికీ వెళ్తానంటే ఆపకండి. అది అలక కాకపోవచ్చు, ఊరి మీద బెంగ కావచ్చు. మళ్లీ ఎప్పుడు వస్తారో మాత్రం ఆయన చేతే తేదీ చెప్పించుకుని పంపండి.