కవలల్లో ఒకడిగా చెబుతున్నాను: ఐక్యూలో వాటాలు పంచడం కుదరదు

"తెలివితేటల్లో 70 శాతం వంశపారంపర్యమేనంటారు కదా, అలాంటప్పుడు నా ఐక్యూలో నా కష్టం 30 శాతమేనా?" అన్న ప్రశ్నకు ఈ సమాధానం రాస్తున్నాను.

నేనూ మా అన్నయ్యా ఒకే అండం నుంచి పుట్టిన కవలలం. అతను నాకంటే ఎనిమిది నిమిషాలు పెద్ద. ఆ పెద్దరికాన్ని ఇప్పటికీ వదులుకోడు. మాకు పదో ఏడు నడుస్తుండగా ఒక మనస్తత్వ నిపుణుడు మా ఇద్దరికీ విడివిడిగా ఐక్యూ పరీక్ష పెట్టారు. ఎరుపు, తెలుపు ఘనాలను బొమ్మలో చూపినట్టు పేర్చాలి. ఆయన చేతిలోని స్టాప్‌వాచ్ టిక్కుమన్నప్పుడల్లా నా చూపు దాని మీదికే పోయేది. సగం ఎరుపు, సగం తెలుపు ఉన్న ముఖాన్ని ఎటు తిప్పాలో తెలిసి కూడా వేళ్లు తడబడ్డాయి. చివరి ఘనం నా చేతిలో ఉండగానే ఆయన "చాలు బాబూ" అని పెట్టె ముందుకు జరిపారు. అన్నయ్యకు 119, నాకు 105 వచ్చాయి. జన్యువులు ఒకటే, ఇల్లూ ఒకటే, తేడా మాత్రం 14! ఈ పరీక్షలు బుద్ధితో పాటు గుండెదిటవును కూడా కొలుస్తాయని ఆనాడే నిశ్చయించుకున్నాను.

మాలాంటి వాళ్లను సాక్ష్యంగా చూపేవారికి ఒక లెక్క చెబుతాను. 1981లో బుషార్డ్, మెక్‌గ్యూ అనే మనస్తత్వవేత్తలు 111 అధ్యయనాలను క్రోడీకరించినప్పుడు, కలిసి పెరిగిన సమరూప కవలల ఐక్యూల మధ్య సహసంబంధం (రెండు అంకెలు ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే కొలత, 1 అయితే పూర్తి పొంతన) 0.86గా తేలింది. అది చాలా ఎక్కువే, కాదనను. కానీ 1 కాదు. కవలల పేరు చెప్పి జరిగిన అన్యాయం వేరే ఉంది. విడివిడిగా పెరిగిన కవలల మీద బ్రిటిష్ మనస్తత్వవేత్త సిరిల్ బర్ట్ ప్రకటించిన సహసంబంధం, జంటల సంఖ్య 21 నుంచి 53కు పెరిగినా, మూడో దశాంశం దాకా చెక్కుచెదరకుండా 0.771 దగ్గరే నిలిచింది. కొత్త జంటలు చేరితే అంకె కాస్తయినా కదలాలి, కదలలేదంటే లెక్కలు కల్పించినవేమోనన్న అనుమానం రాక తప్పదు. ఆయన 1971లో మరణించాక గానీ అమెరికన్ మనస్తత్వవేత్త లియాన్ కామిన్ ఆ వింతను ఎత్తిచూపలేదు.

అసలు చిక్కంతా హెరిటబిలిటీ అన్న మాటను మనం అర్థం చేసుకునే తీరులో ఉంది. అది ఒక సమూహంలోని మనుషుల మధ్య కనిపించే తేడాల్లో ఎంత భాగం జన్యుభేదాలతో ముడిపడి ఉందో చెబుతుంది తప్ప, ఒక మనిషి బుద్ధిని ముక్కలు కోసి చూపదు. చేతికి ఐదు వేళ్లు మొలిపించేవి జన్యువులే. అయినా వేళ్ల సంఖ్యలో తేడాలు ఎక్కువగా ప్రమాదాల వల్ల వస్తాయి కాబట్టి దాని హెరిటబిలిటీ చాలా తక్కువ. పైగా ఈ శాతం ఒకచోట నిలిచేది కాదు. బాల్యం నుంచి యౌవనానికి వచ్చేసరికి పెరుగుతుంది. 2003లో ఎరిక్ టర్క్‌హైమర్ బృందం ఏడేళ్ల అమెరికన్ కవలలను పరిశీలించినప్పుడు, సంపన్న కుటుంబాల్లో అది ఎక్కువగానూ, నిరుపేద కుటుంబాల్లో దాదాపు సున్నాగానూ కనిపించింది. ఇంత మారే అంకెను "మీ తెలివిలో 70 శాతం" అని శీర్షికకెక్కించే పత్రికలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇరవయ్యేళ్లు దాటాక మేమిద్దరం సరదాకు మరో పరీక్ష రాస్తే మా మధ్య తేడా మూడుకు తగ్గింది, అదీ నాకే ఎక్కువగా. అన్నయ్య మాత్రం 119 ఉన్న ఆ పాత కాగితాన్నే భద్రంగా దాచుకున్నాడు.