నీలం ఐరిస్ మన డాబా మీద పూస్తదా?

ప్రశ్న: మేడం నమస్తే, మాది హనుమకొండ. ఫొటోలు చూసి మనసుపడి నీలం ఐరిస్ దుంపలు ఆన్‌లైన్‌ల తెప్పించి డాబా మీద కుండీలల్ల పెట్టిన. ఆకులు మంచిగనే లేస్తున్నయి గాని ఒక్క పువ్వు లేదు, మొన్నటి వానలకు రెండు కుండీలల్ల దుంపలు మెత్తవడి వాసనొచ్చినయి. మందు ఏమన్న కొట్టాల్నా?

జవాబు: మందుతోని అయ్యే పని కాదమ్మా. మీరు తెప్పించింది బియర్డెడ్ ఐరిస్ అయ్యుంటది, కింది రెక్కల మీద నూగు లెక్క ఉంటది చూడండి, అదే. దానికి చలికాలంల వారాలకు వారాలు గట్టి చలి తగిలితేనే మొగ్గ పడతది, కశ్మీర్‌ల అంత బాగ పూసేది అందుకే, మనం డిసెంబర్‌ల నాలుగు రోజులు స్వెట్టర్ వేసుకుంటం గాని ఆ చలి దానికి ఏ మూలకూ సరిపోదు. దుంప మురగడం వేరే కథ, దాన్ని మొత్తం మట్టిల పూడ్చొద్దు, వీపు పైకి కనిపించాలె. మురిగినకాడికి కోసేసి, మిగిలింది నీడకు ఆరబెట్టి, ఇసుక బాగ కలిపిన ఎర్రమట్టిల పెట్టి వాన పడని జాగల ఉంచండి, బతుకుతది, పువ్వు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.

నన్నడిగితే దాని చుట్టాలను పెట్టుకోండి. వాకింగ్ ఐరిస్ అని ఉంటది, దక్షిణ అమెరికా మొక్క, పొద్దున విచ్చుకున్న పువ్వు సాయంత్రానికి వాడుతది, ఇంతేనా అనిపిస్తది గాని వెనుక ఇంకోటి రెడీగ ఉంటది. పూసిన కాడ కొసకే పిల్ల మొక్క వచ్చి బరువుకు వంగి మట్టికి తగిలి వేరు పట్టేస్తది, పక్కన ఇంకో కుండీ పెడితే చాలు, మళ్ల కొనే పనే లేదు. పది అంగుళాల కుండీ సరిపోతది, పొద్దటి ఎండ చాలు, మే నెల మధ్యాహ్నం ఎండ డాబా మీద పడితే మాత్రం ఆకులు మాడిపోతయి, అప్పుడు నీడకు జరపండి.

ఎండ బాగ ఉంటే లెపర్డ్ లిల్లీ పెట్టండి, పేరుకు లిల్లీ గాని అది ఐరిస్ జాతే, నారింజ రంగు మీద ఎర్ర చుక్కలు, కాయ పగిలితే నల్లటి గింజలు మెరుస్తయి, అవే చల్లుకోవచ్చు.

గ్లాడియోలస్ కూడ ఈ కుటుంబమే. అక్టోబర్, నవంబర్‌ల గడ్డలను రెండు మూడు అంగుళాల లోతుల పెట్టండి, మూడు నెలలకు అటూఇటుగ పూస్తది, కాడకు ఓ పుల్ల కట్టాలె. పూలయినంక ఆకు పచ్చవడేదాక ఆగి గడ్డలు తవ్వి ఆరబెట్టి గాలి ఆడే సంచిల దాచిపెట్టండి.

ఇంట్ల కుక్కపిల్లో మేకపిల్లో ఉంటే ఐరిస్ దుంపలు కొరకనియ్యకండి, వాంతులైతయి.