పాలిష్ మిషన్ ముందా, మల్టీమీటర్ ముందా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. ఇంజినీరింగ్ వద్దని తేల్చి చెప్పేశాడు. కార్లంటే ప్రాణం. సెలవుల్లో నాగోల్ దగ్గర ఒక కార్ డిటెయిలింగ్ షాపులో చేరి కడగడం, పాలిష్ పట్టడం నేర్చుకుంటున్నాడు. ఇప్పుడు 15 రోజుల సెరామిక్ కోటింగ్ (కారు రంగు మీద వేసే రక్షణ పూత) కోర్సుకు డబ్బు కట్టమని అడుగుతున్నాడు. మా బావమరిదేమో కారు ఎలక్ట్రికల్ పని నేర్పిస్తే జీవితాంతం తిండికి లోటుండదంటాడు. రెండిట్లో ఏది చేయించాలి? ఈ దారిలో వెళ్తే చదువు ఆగిపోయినట్టేనా?
– ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: మీ చివరి ప్రశ్న ముందు తీసుకుందాం. చదువు ఆగిపోదు. 2 ఏళ్ల ఐటీఐ ట్రేడు పూర్తిచేసినవాళ్లు బ్రిడ్జి కోర్సు చేసి, ఎల్‌పీసెట్ ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్ డిప్లొమా రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాది. ఇప్పుడు వద్దంటున్న ఇంజినీరింగే నాలుగైదేళ్ల తర్వాత కావాలనిపిస్తే దారి మూసుకుపోయి ఉండదు.

ఇక అసలు సంగతి. మీ బావమరిది మాట నిజం. కానీ అబ్బాయి చేతిలో ఇప్పటికే పడిన పాలిష్ పనిని మాన్పించాల్సిన అవసరం లేదు. ఎలక్ట్రికల్‌ను చదువుగా చేయించండి, పాలిష్‌ను ఆదివారాల పనిగా సాగనివ్వండి. ఆ 15 రోజుల కోర్సుకు మాత్రం ఇప్పుడే డబ్బు కట్టకండి.

ఎందుకంటే కోటింగ్ పూయడం ఆ పని మొత్తంలో సులువైన భాగం. 30 మిల్లీలీటర్ల సీసా ఒకటి సెడాన్‌కు ఒక పూతకు దాదాపుగా సరిపోతుంది. రెండడుగుల చదరం చొప్పున రాయాలి. పైన ఇంద్రధనుస్సు రంగులు తేలేదాకా ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. ఒక మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, ఇంకో పొడి గుడ్డతో మెరుగు పెట్టాలి. ఒక రోజు తడి తగలనివ్వకూడదు, వారం దాకా షాంపూ పెట్టకూడదు. శ్రద్ధ ఉన్న కుర్రాడికి ఇది రెండు మూడు కార్లతో వచ్చేస్తుంది. అసలు పని ఆ పూత కిందే ఉంది. గీతలు తీయకుండా పైన కోటింగ్ వేస్తే, ఆ గీతలే నిగనిగలాడుతూ ఇంకా బాగా కనిపిస్తాయి.

ఆ కింది పని ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూద్దాం. నల్ల కారు బానెట్ మీద ఎల్ఈడీ లైటు పెడితే సాలెగూడు లాంటి సన్న గీతలు కనిపిస్తాయి. అవి ఉండేది అన్నిటికంటే పైనుండే రంగులేని పొరలో, అంటే క్లియర్ కోట్‌లో. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారుకు అన్ని పొరలూ కలిపి సాధారణంగా 90 నుంచి 140 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉంటుంది, అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లే. కాంపౌండ్‌తో, అంటే గరుకు పాలిష్‌తో ఒకసారి గట్టిగా రుద్దితే మూడు నుంచి ఐదు మైక్రాన్లు పోవచ్చు. ప్రతి పండక్కీ బఫింగ్ చేయిస్తూ పోతే కొన్నేళ్లలో ఎండను ఆపే పొరే మిగలదు. తర్వాత రంగు వెలిసిపోయి పొలుసులు లేస్తుంది. ఇది మళ్లీ రంగు కొట్టిస్తే తప్ప బాగుపడదు.

కాబట్టి మిషన్ ఆన్ చేసే ముందు పెయింట్ మందం కొలిచే గేజ్ పట్టుకోవాలి. ఒక్కో ప్యానెల్ మీద నాలుగైదు చోట్ల కొలిచి రాసుకోవాలి. బానెట్ మీద 110 వచ్చి, ఎడమ తలుపు మీద 240 వస్తే ఆ తలుపుకు మళ్లీ రంగు వేశారన్నమాట. 1000 దాటితే లోపల పుట్టీ ఉంది. ప్లాస్టిక్ బంపర్ మీద మామూలు గేజ్ పనిచేయదు. పైగా అది చూపేది మొత్తం మందమే, క్లియర్ కోట్‌ను విడిగా చూపదు. అందుకే 90 వచ్చిన చోట చేయి వెనక్కి తీసుకోవాలి. అంచులు, బాడీ లైన్ల మీద పొర ఎప్పుడూ పలచగానే ఉంటుంది, కొత్తవాళ్ల చేతిలో కాలిపోయేది అక్కడే. ఆ అంచులకు ముందే టేపు అంటించాలి.

ఆ తర్వాత ఒక అడుగు చదరంలో పరీక్ష చేసి చూడాలి. మెత్తటి ప్యాడ్, సన్న పాలిష్, బఠాణీ గింజంత నాలుగు చుక్కలు. చేతిని సెకనుకు రెండు మూడు సెంటీమీటర్లకు మించి జరపకుండా, ఒక వరస సగం ఇంకో వరస మీద పడేలా, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. గీతలు పోతే అదే కారంతా చేయాలి, పోకపోతేనే ఒక మెట్టు గరుకు కాంపౌండ్‌కు వెళ్లాలి. తక్కువలో తీరేపనికి ఎక్కువ తీయకపోవడమే ఈ వృత్తిలో నైపుణ్యం. మీ అబ్బాయి చేరిన షాపులో గేజ్ ఉందా లేదా అడగండి. లేకపోతే అక్కడ అతను నేర్చుకుంటున్నది రుద్దడం మాత్రమే.

మన ఊరి సమస్యలు కూడా అతనికి తెలిసి ఉండాలి. బోరు నీళ్లతో కడిగి ఎండలో ఆరనిస్తే తెల్లటి చుక్కలు మిగులుతాయి. అవి సున్నపు ఉప్పులు, తాజాగా ఉంటే వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి తుడిస్తే పోతాయి, నెలల తరబడి వదిలేస్తే క్లియర్ కోట్‌ను తినేస్తాయి. కోకాపేట, గచ్చిబౌలి వైపు కట్టడాల దగ్గర నిలిపిన కార్ల మీద సిమెంటు దుమ్ము పడుతుంది. దాన్ని పొడి గుడ్డతో తుడవడమంటే ఉప్పుకాగితంతో గీసినట్టే. మొదట ధారాళంగా నీళ్లు కొట్టి దుమ్ము దించాలి. ఇక ఏప్రిల్ ఎండలో కాలిన బానెట్ మీద పాలిష్, కోటింగ్ రెండూ చేయకూడదు. మందు అంటిన క్షణంలోనే ఎండిపోయి మరకలు కడుతుంది.

ఇప్పుడు ఎలక్ట్రికల్ వైపు రండి. నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పట్టేది, నేర్చుకున్నాక ఎక్కువ కాలం నిలిచేది ఇదే. ఒక ఫిర్యాదును చూడండి: ‘మూడు రోజులు ఆపితే బండి సెల్ఫ్ తీసుకోదు.’ చాలాచోట్ల దీనికి కొత్త బ్యాటరీ వేసేస్తారు. నెల తిరక్కముందే అదే ఫిర్యాదు మళ్లీ వస్తుంది. తెలిసినవాడు మొదట వోల్టులు, ఆంపియర్లు కొలిచే మల్టీమీటర్ పెడతాడు. బండి కొన్ని గంటలు ఆగాక బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.0 దగ్గరుంటే పావు భాగమే మిగిలినట్టు. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య వస్తే డైనమో బాగానే ఉంది. రెండూ బాగున్నా బ్యాటరీ దిగుతోందంటే నిలిపిన బండిలో ఎవరో కరెంటు తాగుతున్నారు.

దాన్ని పట్టుకోవడానికి మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టి, బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి, ఆ తీగకూ టెర్మినల్‌కూ మధ్య మీటరును వరసలో కలపాలి. తలుపులు మూసి, తాళం దూరంగా పెట్టి, కంప్యూటర్లన్నీ నిద్రపోయేలా 20-30 నిమిషాలు ఆగాలి. ఈ దశలో పొరపాటున సెల్ఫ్ కొడితే మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది, జాగ్రత్త. నిద్రపోయిన బండి 50 మిల్లీఆంపియర్లకు మించి తీసుకోకూడదు. 300 వచ్చిందనుకుందాం. 24 గంటలకు 7.2 ఆంపియర్ అవర్లు, మూడు రోజులకు 21.6. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగానికి మించి ఖాళీ. మూడో రోజున బండి ఎందుకు లేవలేదో లెక్క చెప్పేసింది. ఇక ఫ్యూజులు ఒక్కోటి పీకి చూడక్కర్లేదు, అలా పీకితే నిద్రపోయిన కంప్యూటర్లు లేచి రీడింగు మారిపోతుంది. ఫ్యూజు తల మీద కనిపించే రెండు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలిస్తే చాలు, ఎక్కడ రీడింగు వస్తే దొంగ ఆ దారిలో ఉన్నాడు. చాలాసార్లు తేలేది బయట వేయించిన కెమెరానో, మ్యూజిక్ సిస్టమో, డిక్కీలో ఆరని లైటో.

ఎంపీసీ చదివిన కుర్రాడికి ఓమ్ సూత్రం తెలుసు కాబట్టి ఈ దారి దగ్గర. హెడ్‌లైట్ ఉదాహరణే చూడండి. 55 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర 4.6 ఆంపియర్లు తీసుకుంటుంది. దాని స్థానంలో 90 వాట్లది పెడితే 7.5. రెండూ కలిపి 15 ఆంపియర్లు, అదే సన్న తీగ, తీగలను కలిపే అదే ప్లాస్టిక్ కప్లర్. కప్లర్ కరుగుతుంది. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్), ఫ్యూజు వేసి వేరే తీగ తేవాలి. అలా కాకుండా ఫ్యూజును పెద్దది చేయడమంటే నిప్పుకు దారి ఇవ్వడమే. కొత్త కార్లలో క్యాన్ లైన్, అంటే కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగల జత, చూడాల్సి వస్తుంది. లోపాలు చదివే స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్లో 6, 14 పిన్నుల మధ్య, బ్యాటరీ తీసేసి కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి. 120 వచ్చిందంటే ఆ లైన్ రెండు చివర్లా ఉండే నిరోధాల్లో ఒకటి తెగింది. ఇదంతా వీడియోలు చూసి రాదు, ఒకరి పక్కన నిలబడి కొన్ని వందల బళ్లు చూస్తే వస్తుంది.

రెండు పనులూ కలిసే చోటు కూడా ఉంది. మీ అబ్బాయికి అసలు అవకాశం అక్కడే. ఇంజిన్ గదిని ప్రెషర్‌తో కడిగితే ఫ్యూజు బాక్సులోకీ, డైనమోలోకీ నీళ్లు పోయి మరుసటి రోజు బండి మొరాయిస్తుంది. కవరు కట్టి, తక్కువ ఒత్తిడితో కడిగి, గాలితో ఆరబెట్టాలి. సీట్ల కింద షాంపూ చేసేటప్పుడు పసుపు రంగు కప్లర్లు తడిసినా, ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా పీకినా ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది. బంపర్ వెనక రాడార్ ఉన్న కార్లకు బంపర్ మీద మందంగా పుట్టీ, రంగు పడితే దాని చూపు చెదురుతుంది. రంగు పని చేసేవాడికి వైరింగ్ తెలియదు, వైరింగ్ చేసేవాడు రంగు సంగతి పట్టించుకోడు. రెండూ కొలిచి చూడగలిగినవాడిని సర్వీస్ సెంటర్లూ, పాత కార్లు కొనేవాళ్లూ వెతుక్కుంటూ వస్తారు. పాత కారు కొనేటప్పుడు గేజ్, స్కానర్ పట్టుకుని చూసిపెట్టడం ఇప్పటికే విడిగా ఒక పని.

చేరాల్సిన చోటు. ఐటీఐలో మెకానిక్ ఆటో ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఏడాది ట్రేడు. అబ్బాయి వయసు, ఎంపీసీ చూస్తే 2 ఏళ్ల మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్ ట్రేడు మేలని నా అభిప్రాయం, డిప్లొమా దారి కూడా దానితో తెరుచుకుంటుంది. రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన జరిగింది. వాటిలో నేర్పే ట్రేడుల్లో ఈ ఎలక్ట్రిక్ వెహికల్ ట్రేడు ఒకటి. తెలంగాణ 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 దాకా ఎలక్ట్రిక్ బళ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసింది. రోడ్డు మీద బళ్లు పెరిగితే వాటిని చూసేవాళ్లు కావాలి. ఎలక్ట్రిక్ కారులోనూ 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది, అది దిగితే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి కదలదు. కాబట్టి నేర్చిన పాత పాఠం వృథా కాదు. నారింజ రంగు తీగల జోలికి మాత్రం శిక్షణ, 1000 వోల్టుల గ్లవ్స్ లేకుండా వెళ్లకూడదు. ఆ తీగల్లో వందల వోల్టులుంటాయి.

ప్రైవేటు ఐటీఐ అయితే ఎన్‌సీవీటీ (జాతీయ వృత్తి శిక్షణ మండలి) గుర్తింపు ఆ ట్రేడుకు ఉందో లేదో చూసి చేర్చండి. కోర్సు తర్వాత ఒక అధీకృత సర్వీస్ సెంటర్లోనో, ఆర్టీసీలోనో ఏడాది అప్రెంటిస్‌షిప్ చేయించండి. స్కానర్లు, వైరింగ్ డయాగ్రాములు చేతికొచ్చేది అక్కడే.

షాపులో ఆరోగ్యం సంగతి కూడా అడగండి. పాలిష్ పట్టేటప్పుడు మామూలు మాస్కు చాలు. అదే షాపులో హార్డెనర్ కలిపిన రంగు స్ప్రే చేస్తుంటే అందులో ఐసోసైనేట్లనే, ఊపిరితిత్తులకు హాని చేసే రసాయనాలుంటాయి. గుడ్డ మాస్కు వాటిని ఆపదు, ఆస్తమా పట్టుకుంటే ఆ వృత్తే వదిలేయాల్సి వస్తుంది. బయటి గాలి పంపే మాస్కు లేని బూత్‌లోకి అతన్ని పంపకండి.

15 రోజుల కోర్సు డబ్బులో కొంత తీసి కోఠి గుజరాతీ గల్లీలో ఒక డిజిటల్ మల్టీమీటర్ కొనివ్వండి, 10 ఆంపియర్ల సాకెట్, మిల్లీవోల్ట్ రేంజి తప్పనిసరి. డెంటింగ్ షాపులో పాత బానెట్ ఒకటి అడిగి తెచ్చుకోమనండి, మొదటి తప్పులన్నీ దాని మీదే చేయాలి. ఇంట్లో కారున్నా స్కూటరున్నా 10 రోజులపాటు రోజూ పొద్దున్న బ్యాటరీ వోల్టేజి, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎంతకు పడిందో, ఇంజిన్ నడుస్తుండగా ఎంతుందో నోటు పుస్తకంలో రాయమనండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి జారితే కారణం ఏమిటో తనే వెతకాలి: బ్యాటరీయా, ఎర్త్ తీగా, టెర్మినల్ మీద పేరుకున్న తెల్లపొడా. అతనికి ఈ పని ఎంత నచ్చుతుందో ఆ పుస్తకమే మీకు చెబుతుంది. ఐటీఐ దరఖాస్తు మాత్రం ఆ 10 రోజులు గడిచేదాకా ఆపకండి. సీట్లు పదో తరగతి మార్కుల మీద ఇస్తారు, మెమో, కులం సర్టిఫికెట్, ఆధార్ ఇవాళే తీసి పెట్టుకోండి.