తక్కువ ధర ల్యాప్‌టాప్‌లు అమ్మబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

గుంటూరులో కంప్యూటర్ల దుకాణం తెరుస్తున్నావనీ, తక్కువ ధర ల్యాప్‌టాప్‌లే ఎక్కువగా అమ్మదలచావనీ అక్కయ్య చెప్పింది. సికింద్రాబాద్ కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో ఇన్నేళ్లుగా ఇదే వ్యాపారంలో ఉన్నవాడిగా, సరుకు తెప్పించే ముందే నీకొక సంగతి చెప్పాలనిపించింది. ప్రాసెసర్ మీద ఏ పేరుందో చూసి సరిపెట్టుకోకు. ఆ ధరకు అమ్మడానికి కంపెనీ అందులోంచి ఏం తీసేసిందో కనుక్కో.

1997లో అమెరికాలో కాంపాక్ సంస్థ సైరిక్స్ వారి మీడియాజీఎక్స్ చిప్‌తో ప్రెసారియో 2100ను వెయ్యి డాలర్లలోపే అమ్మకానికి పెట్టింది. మరోవైపు ఏఎండీ వారి కే6 ప్రాసెసర్ కూడా చవకగా దొరుకుతుండడంతో, ఆ మార్కెట్ చేజారకుండా ఇంటెల్ 1998 ఏప్రిల్‌లో సెలెరాన్ అనే చవక ప్రాసెసర్‌ను తెచ్చింది. అయితే తన ఖరీదైన పెంటియం 2లో ఉండే 512 కిలోబైట్ల ఎల్2 క్యాష్‌ను, అంటే తరచూ వాడే సమాచారాన్ని ప్రాసెసర్ దగ్గరే ఉంచే వేగవంతమైన మెమరీని, అందులో పూర్తిగా తీసేసింది. 266 మెగాహెర్ట్జ్ అన్న అంకె ఘనంగానే కనిపించినా, ప్రతి చిన్న అవసరానికీ ర్యామ్ దాకా వెళ్లవలసి రావడంతో ఆఫీసు పనుల్లో ఆ చిప్ తడబడింది. విమర్శలు వచ్చాక, అదే ఏడాది ఆగస్టులో 128 కిలోబైట్ల క్యాష్‌ను చిప్‌లోనే పూర్తి వేగంతో పనిచేసేలా అమర్చి సెలెరాన్ 300ఏను విడుదల చేయగా, అది చాలా పనుల్లో పెంటియం 2కు దీటుగా నిలిచింది. పోటీ లేకపోతే ఆ దిద్దుబాటు అంత త్వరగా జరిగేది కాదని నా నమ్మకం.

ఇప్పుడూ అంతే. ఏఎండీ రైజెన్ 3 7320యూ 2022లో వచ్చినా, దాని కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు) 2019 నాటి జెన్ 2 అనే డిజైన్‌వి. ఆ వరుసలో మోడల్ నంబరులోని మూడో అంకె కోర్ల తరాన్ని చెబుతుంది కాబట్టి, 7330యూ అంటే జెన్ 3 అని గుర్తుపట్టవచ్చు. పైగా 7320యూ ఎల్‌పీడీడీఆర్5 అనే రకం ర్యామ్‌తోనే పనిచేస్తుంది గనుక, ల్యాప్‌టాప్‌లలో ఆ ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది. 8 జీబీతో కొన్నవాడు తర్వాత పెంచుకోలేడు. పిల్లవాడి చదువు కోసం చీటీ పాడి డబ్బు తెచ్చిన తండ్రికి ఈ మాట బిల్లు రాయకముందే చెప్పు.

ఇంటెల్ వైపు చూస్తే, ఎన్100లో నాలుగు చిన్న కోర్లు (తక్కువ కరెంటుతో తేలిక పనులు చేసేవి), ర్యామ్‌కు ఒకే దారి, అంటే ఒకే మెమరీ ఛానెల్ ఉంటాయి. పాఠాలు వినడానికీ, టైపింగుకూ చాలు. "ఐ3 ఇవ్వండి" అని అడిగేవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఎనిమిదీ చిన్న కోర్లే ఉన్న ఎన్305కూ, రెండు పెద్ద కోర్లు, నాలుగు చిన్న కోర్లు ఉన్న 1215యూకూ ఆ పేరే ఉంది.

ఏ మోడలైనా ముందు ఒక్కటే తెప్పించి, వెనక మూత విప్పి ర్యామ్ స్లాట్ ఉందో లేదో, నిల్వకు ఎస్‌ఎస్‌డీ పెట్టారో, దానికన్నా నెమ్మదైన చవక రకం ఈఎంఎంసీ పెట్టారో చూడు. ఒకే కంపెనీ చిప్‌లున్న సరుకుతో దుకాణం నింపకుండా, ఇంటెల్, ఏఎండీ ఇద్దరి ధరలూ ఒకే రోజు అడిగి ఆర్డరు పెట్టు. ఆ జాబితా ఖరారు చేసేముందు నాకు పంపు. మోడల్ నంబర్లు చివరి అక్షరం దాకా రాయి.

ఇట్లు,
మీ మావయ్య